గ్లాసెడు భోజనం

మన తెలుగువాళ్ళ అసలు పలకరింపు "బాగున్నావా?" కాదు, "అన్నం తిన్నావా?" అన్నది. బాగుండడం, బాగుండకపోవడం అన్నీ అందులోనే వచ్చేస్తాయి. అన్నం తిన్న మనిషి బాగున్నట్టే లెక్క. మా అత్తగారు గుడివాడలో మా మరిది దగ్గర వుంటారు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తారు. ఎండల సంగతైనా, ఊళ్ళో పెళ్ళిళ్ళ సంగతైనా తరవాతే. మొదటి మాట మాత్రం, "భోజనం చేశావా అమ్మాయ్?" అన్నదే. ఇరవై ఏళ్ళుగా నేనూ ఆలోచించకుండా, "ఆఁ, అయిందత్తయ్యా" అనేస్తూ వచ్చాను.

నిరుడు వేసవిలో ఒక రాత్రి మటుకు నాలిక తడబడింది. "భోజనం... తాగానత్తయ్యా" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత, గొంతు తగ్గించి, "జ్వరమా తల్లీ?" అన్నారు.

ఆవిడ తప్పేం లేదు. మన భాషలో భోజనం చేస్తాం, అన్నం తింటాం. తాగేది జావ. జావ తాగేది పథ్యం మనుషులు. మంచంలో వున్నవాళ్ళను చూడ్డానికి వెళ్ళినప్పుడు బత్తాయిపళ్ళతోపాటు ఒక హార్లిక్స్ సీసా పట్టుకెళ్ళిన జాతి మనది. ధవళేశ్వరంలో ఆ ఫ్యాక్టరీ కూడా మనకుంది. పొడి కలిపిన పాలు తాగితే ఒళ్ళు వస్తుందని నమ్మి పెరిగినదాన్ని, ఒళ్ళు తగ్గడానికి పొడి కలిపిన పాలు తాగుతున్నానని ఆవిడకు ఎలా చెప్పను? చెప్పలేకపోయాను. "కొంచెం నలతగా వుందత్తయ్యా" అని అబద్ధం ఆడాను. ఒక విధంగా అది అబద్ధమూ కాదు.

ఎందుకు తాగాల్సి వచ్చిందో చెబుతాను.

ఉగాదికి ముందు మావారి ఆఫీసువాళ్ళు కుటుంబంలో అందరికీ రక్తపరీక్షలు ఉచితం అన్నారు. ఉచితం అంటే మనం రక్తం ఇవ్వడానికైనా వెనకాడం కదా! పంజగుట్టలో ఒక లాబ్‌కి వెళ్ళి పొద్దున్నే పరగడుపున చెయ్యి చాచి వచ్చాం. మర్నాడు కాగితాలు వచ్చాయి. మావారివన్నీ శుభ్రంగా వున్నాయి. నా కాగితంలో ఒక అంకె మాత్రం నల్లగా, లావుగా అచ్చయివుంది, నాలాగే. హెచ్‌బిఎ1సి అట. మూడు నెలల చక్కెర సగటు. 6.2 వచ్చింది. 5.7 లోపు వుంటే గొడవ లేదుట. 6.5 కి చేరితే షుగరు వచ్చినట్టేనట. నేను మధ్యలో, గడప మీద నిలబడ్డానన్నమాట. గడప మీద నిలబడకే అని మా అమ్మ చిన్నప్పుడు రోజుకి నాలుగుసార్లు కేకలేసేది.

ఆ మాట గుర్తు రాగానే నాకు నవ్వు ఆగిపోయింది. మా అమ్మ ఆ గడప దాటాక ఇరవై రెండేళ్ళు బతికింది. చివరి మూడేళ్ళూ చూపు లేదు. నేను గదిలోకి వెళితే గాజుల చప్పుడు విని "నువ్వా?" అనేది. గాజులు లేకుండా వెళ్ళిన రోజున "ఎవరూ?" అనేది. ఆ "ఎవరూ?" ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది నాకు.

డాక్టరుగారు కాగితం చూసి, నన్ను చూసి, తూకం చూశారు. అయిదడుగుల ఒక అంగుళం మనిషికి 68 కిలోలు. "ఆరు కిలోలు తగ్గండి. మాత్ర రాయను. మూడు నెలల తరవాత మళ్ళీ చూద్దాం" అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారో! ఆరు కిలోలంటే చిన్న బియ్యం సంచీ. నేను రాసిన నవలల్లో నాయికలందరూ సన్నజాజి తీగలే. పేజీకి ఒకసారి గాలికి వూగుతూ వుంటారు. సభల్లో నన్ను మొదటిసారి చూసిన పాఠకురాళ్ళు, "మీరేనా అండీ!" అని కళ్ళు పెద్దవి చేసి, తరవాత మర్యాదగా సర్దుకుంటారు. వాళ్ళ కోసం తగ్గాలని ఎప్పుడూ అనిపించలేదు. ఈసారి మాత్రం భయం వేసింది.

అమీర్‌పేటలో కాపురం వున్నవాళ్ళకు ఒక జబ్బు వుంటుంది. ఏ విద్యయినా నలభైఅయిదు రోజుల్లో వచ్చేస్తుందనుకుంటారు. మైత్రీవనం చుట్టుపక్కల గోడలూ, స్తంభాలూ అలాగే చెబుతాయి మరి. జావా, పైథాన్, ఇంగ్లీషులో అనర్గళంగా మాట్లాడడం, అన్నీ అక్కడ దొరుకుతాయి. 2017లో మెట్రో వచ్చినప్పటినుంచీ స్టేషను మెట్లు దిగి రోడ్డు దాటేలోగా చేతిలో నాలుగు కరపత్రాలు పడుతున్నాయి. వాటిలో ఒకటి పచ్చకాగితం. "బరువు తగ్గాలా? ఆకలి లేకుండా, వ్యాయామం లేకుండా!" అని. ఎన్నో ఏళ్ళుగా అలాంటి కాగితాల్లో కొత్తిమీర చుట్టి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. ఆ రోజు మొదటిసారి చదివాను.

అంతకుముందే సలహాలు మొదలయ్యాయి. మా పై అంతస్తావిడ మంతెన సత్యనారాయణరాజుగారి భక్తురాలు. "ఉప్పు మానెయ్యండి, పచ్చికూరల రసాలు తాగండి, చాలు" అన్నది. మా తోడికోడలు ఫోన్లో వీరమాచనేని రామకృష్ణగారి పద్ధతి చెప్పింది. 2018 ప్రాంతంలో తెలుగుదేశం అంతా మారుమోగిన పద్ధతే అది. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు. అన్నం మాట ఎత్తకూడదు. ఆ రోజుల్లో మా వీధిలో కొబ్బరినూనె తలకు రాసుకునేవాళ్ళకంటే తాగేవాళ్ళు ఎక్కువయ్యారు. మావారు మాత్రం, "మన పక్కనే ప్రకృతి చికిత్సాలయం వుండగా ఇవన్నీ ఎందుకోయ్? వెళ్ళి పదిరోజులు వుండి రా" అన్నారు.

"పదిరోజులు వెళితే మీకూ పిల్లలకూ వంట ఎవరు చేస్తారు?" అన్నాను.

"అవును సుమా!" అన్నారు. ఆ ప్రస్తావన అక్కడితో ముగిసింది.

నిజానికి నా చిక్కంతా అందులోనే వుంది. మా ఇంట్లో ఇప్పటికే రెండు వంటలు. మా అబ్బాయికి కారం లేకుండా, మావారికి కారం లేకపోతే ముద్ద దిగకుండా. ఇప్పుడు నా కోసం మూడో వంట మొదలుపెట్టాలి. రసమో, సూపో, ఉప్పులేని కూరో, ఎవరో ఒకరు చెయ్యాలి కదా. ఆ ఎవరో ఒకరు నేనే. బరువు తగ్గించే మార్గాలన్నీ నన్ను మళ్ళీ పొయ్యి దగ్గరికే తీసుకుపోతున్నాయి. పొయ్యి వెలిగించక్కరలేని పథ్యం ఒక్కటే కనబడింది. రెండు చెంచాల పొడి, ఒక గ్లాసు పాలు. చెప్పొద్దూ, ఆరోగ్యం చూసి కాదు, బద్ధకం చూసి ఎంచుకున్నాను దాన్ని.

పచ్చకాగితం మీది చిరునామా పట్టుకుని ఒక ఉదయం వెళ్ళాను. పంజగుట్ట పోయే దారిలో ఒక సందు, రెండో అంతస్తులో చిన్న గది. గోడ నిండా లావుగా వున్నప్పటి ఫోటో, సన్నబడ్డాక ఫోటో జంటలు జంటలుగా, పెళ్ళి ఆల్బంలాగా. నన్నొక యంత్రం మీద నిలబెట్టారు. అది నా శరీరం వయసు 59 అని చెప్పింది. నాకు నలభయ్యారు. ఆ లెక్కన నేను మావారికంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఇంటికెళ్ళి దణ్ణం పెట్టించుకోవాలనిపించింది. అక్కడి అమ్మాయి మంచి పిల్లే. నవ్వుతూ ఒక గ్లాసు ఇచ్చింది. నేను సగం తాగేలోపల, "మీకు పరిచయాలెక్కువ కదా మేడమ్, మీరు కూడా కోచ్‌గా చేరవచ్చు. మీ కింద పదిమంది చేరితే మీ డబ్బా మీకు వుత్తినే వచ్చేసినట్టే" అంది. నేనింకా వంద గ్రాములు తగ్గలేదు, అప్పుడే నా కింద పదిమంది! చిన్నప్పుడు గొలుసు ఉత్తరాలు వచ్చేవి, గుర్తుందా? పదిమందికి రాస్తే శుభం, చింపితే కీడు. అలా అనిపించింది. ఆలోచించి చెబుతానని వచ్చేశాను. తరవాత మందుల షాపులో, ఎవర్నీ చేర్చక్కరలేని డబ్బా ఒకటి కొనుక్కున్నాను. రెండువేల పైచిలుకు.

డబ్బా కొన్నాక నాకు కొత్త చింత పట్టుకుంది. పిల్లనిచ్చేముందు అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ విచారించేవాళ్ళం. కడుపులోకి పంపే పదార్థం వంశం విచారించవద్దూ? బి.ఏ. చదివినదాన్ని, లెక్కలంటే భయం. కానీ చరిత్ర మా సబ్జెక్టే. కూర్చుని చదివాను.

దాని పుట్టుక తెలిసినప్పుడు మా అత్తగారు "జ్వరమా?" అనడం ఎంత సరైన ప్రశ్నో అర్థమయింది. అమెరికాలో చంటిపిల్లల పాలపొడులు చేసే మీడ్ జాన్సన్ కంపెనీ, తిండి సయించని రోగుల కోసం ఒక పొడి తయారుచేసింది. అదే పొడిని కాస్త మార్చి 1959లో మెట్రెకాల్ అని పేరుపెట్టి, లావుగా వున్నవాళ్ళకు అమ్మడం మొదలుపెట్టింది. రోజుకి 900 కేలరీలు, అంతే. రోగి బలం పుంజుకోవడానికి తాగిందీ, ఆరోగ్యవంతుడు చిక్కడానికి తాగిందీ ఇంచుమించు ఒకటే. తేడా అంతా దాంతోపాటు ఇంకేం తింటున్నామన్న దాంట్లో వుంది.

ఆ వంశంలో చెడ్డవాళ్ళూ వున్నారు. 1976లో ఒక డాక్టరు ఇదే ఆఖరి అవకాశం అంటూ పుస్తకం రాసి, ద్రవరూపంలో ప్రొటీను ఒకటి ప్రచారం చేశాడు. పశువుల తోళ్ళనుంచీ, నరాలనుంచీ తీసిన సరుకు. రోజంతా అదే తాగాలి, ఇంకేమీ తినకూడదు. ఏడాది, రెండేళ్ళు తిరిగేసరికి అలా తాగినవాళ్ళలో యాభైమందికి పైగా చనిపోయినట్టు లెక్క తేలింది. చాలామందికి గుండె లయ తప్పింది. మంచి ప్రొటీనూ, కావలసిన లవణాలూ లేకుండా ఒళ్ళు కరిగిస్తే గుండె కండరం కూడా వుండనంటుంది కాబోలు. ఆ తరవాతనే ఇలాంటి పొడులకు కట్టుబాట్లు వచ్చాయి. ప్రపంచ దేశాలు కలిసి రాసుకున్న కోడెక్స్ ప్రమాణం 1991 నాటిది. ఒక పూట భోజనానికి బదులు ఇచ్చేదానిలో 200కి తక్కువా, 400కి ఎక్కువా కేలరీలు వుండకూడదంటుంది. అందులో పావు వంతుకు తగ్గకుండా ప్రొటీను నుంచే రావాలి. నా డబ్బా వెనక కళ్ళజోడు పెట్టుకుని చదివాను. పాలతో కలిపితే 200 దాటింది. ప్రొటీను సరిపోయింది. కులగోత్రాలు కుదిరాయి.

ఇక 1988లో ఓప్రా విన్‌ఫ్రీ అనే టెలివిజన్ మహాతల్లి నాలుగు నెలలు అచ్చంగా పొడినీళ్ళ మీద బతికి 67 పౌన్లు తగ్గింది. అంటే 30 కిలోలు. తను పోగొట్టుకున్నంత కొవ్వును ఒక చిన్న బండిలో వేసి లాక్కుంటూ వేదిక మీదికి వచ్చింది. చూసినవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. ఆ తరవాత ఆవిడ మామూలు తిండికి వచ్చింది. ఆ బండి కూడా నెమ్మదిగా ఇంటికి తిరిగొచ్చింది. ఈ సంగతి ఆవిడే పదిసార్లు చెప్పుకుంది. నాకు ఆవిడంటే గౌరవం అందుకే.

మంచి కబురు కూడా వుంది. 2017 డిసెంబరులో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. స్కాట్లండులోనూ, ఇంగ్లండులోనూ షుగరు వచ్చి ఆరేళ్ళు దాటని 306 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి మూడునుంచి అయిదు నెలలపాటు సూపులూ, షేకులూ మాత్రమే, రోజుకి దాదాపు 850 కేలరీలు. ఏడాది తిరిగేసరికి ఈ రెండో జట్టులో నూటికి 46 మందికి మాత్రల్లేకుండానే షుగరు వెనక్కి తగ్గింది. మామూలు వైద్యం జట్టులో నూటికి నలుగురికే. ఇది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. కాసేపయ్యాక మళ్ళీ తెరిస్తే, అసలు సంగతి కింద వుంది. ఆ జనాన్ని గ్లాసుతో వదిలెయ్యలేదు. కొన్ని వారాలపాటు ఒక్కొక్క పూటా పళ్ళెం అలవాటు చేశారు. నెలనెలా పిలిచి పలకరించారు. అయినా రెండేళ్ళకు 46 కాస్తా 36 అయింది. అంటే గ్లాసు తాగడం విద్య కాదు, గ్లాసు దించాక ఏం చేస్తామన్నది విద్య.

డాక్టరుగారికి డబ్బా చూపించాను. "ఒక్కపూటే. రాత్రి. మిగతా రెండుపూటలా అన్నమో రొట్టో, కూరా పప్పూ తినాల్సిందే" అన్నారు. మూత్రపిండాలు బాగున్నాయో లేదో కాగితంలో మరోసారి చూసుకున్నారు. "షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు మాకు చెప్పకుండా ఇది మొదలుపెడితే చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మీ స్నేహితురాళ్ళకు సలహా ఇచ్చేముందు అది గుర్తుంచుకోండి" అని కూడా అన్నారు. నేను నలుగురికీ చెబుతానని ఆయనెలా కనిపెట్టారో!

అలా మొదలైంది నా గ్లాసు కాపురం. మొదటిరోజు చెంచాతో కలిపితే ఉండలు కట్టింది, ఉప్మా పాడైనట్టు. రెండోరోజు మిక్సీలో వేస్తే నురగ పొంగి గట్టంతా పాలయింది. డబ్బా మీద మామిడి రుచి అని రాసి వుంది. ఆ సంగతి మామిడికి తెలిసివుండదు. ఎనిమిదింటికి అందరికీ వడ్డించి, నేను గ్లాసు పట్టుకుని బల్ల చివర కూర్చున్నాను. మావారికి ముద్ద దిగలేదు. "నువ్వు అలా చూస్తూ తాగుతూ వుంటే నేనేదో తప్పు చేస్తున్నట్టుందోయ్" అన్నారు. మా అమ్మాయి మటుకు, "అమ్మా, నువ్వు మాతోపాటు కూచోవడం ఇదే మొదటిసారి, తెలుసా?" అంది.

ఆ మాట అప్పుడు సరిగా వినిపించుకోలేదు. ఆకలి చెవుల్లో హోరుమంటోంది.

నాలుగోరోజు పొద్దున మా పనిమనిషి అంట్లు తోముదామని వచ్చింది. బల్కంపేటలో వుంటుంది. మా ఇంట్లో పదేళ్ళుగా చేస్తోంది. ఫ్రిజ్ తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. లోపల చిన్నగిన్నెల సంత. రెండు గరిటెల పప్పు, పావుగిన్నె వంకాయకూర, మా అబ్బాయి వదిలేసిన పెరుగన్నం, ఒకటిన్నర చపాతీ, మావారు పక్కకు నెట్టిన బంగాళాదుంప వేపుడు.

"ఏందమ్మా ఇది? ఇంట్ల ఎవరన్న తింటలేరా?" అంది.

"అందరూ తింటున్నారు. నేనే రాత్రిపూట పొడిపాలు తాగుతున్నాను" అన్నాను.

అది గిన్నెలు ఒకటొకటే బయటికి తీస్తూ, "గట్లనా! ఇన్నొద్దులు మిగిలిందంత మీరే తింటుండె. నాకేం ఎరుక" అంది, ఎవరినీ ఏమీ అననట్టుగా.

నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. నాలుగు రోజుల్లో ఇన్ని గిన్నెలు. ఇరవై ఏళ్ళల్లో ఎన్ని? డబ్బా మీద భోజనానికి బదులు అని రాసి వుంది. ఏ భోజనానికి? రాత్రిపూట నేను భోజనమని ఒకటి చేసిన జ్ఞాపకం నాకు లేదు. అందరూ లేచాక పొయ్యిగట్టు దగ్గరే నిలబడి, ఈ గిన్నెలోది ఆ గిన్నెలో కలిపి, ఫ్రిజ్‌లో చోటు లేదనీ, పొద్దుటికి పాడవుతుందనీ, పారెయ్యడానికి చెయ్యి రాదనీ తినేసేదాన్ని. చెత్తబుట్టకు ఒక మజిలీ ముందు నేను. అంతే.

బి.ఏ. దాన్నయినా ఆ రోజు లెక్క వేశాను. కలిపిన పప్పన్నం కొంచెం, గిన్నె అడుగున నెయ్యి చెంచాడు, సగం చపాతీ. తక్కువలో తక్కువ 300 కేలరీలు. ఒళ్ళో ఒక కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలంటారు. కాగితం మీద చూస్తే ఇరవై అయిదారు రోజులకు ఒక కిలో. ఒళ్ళు కాగితంలాగా లెక్క ప్రకారం నడవదులెండి, లేకపోతే ఈపాటికి నేను గుమ్మంలో పట్టేదాన్ని కాదు. కానీ నా ఆరు కిలోలు ఎక్కడినుంచి వచ్చాయో తెలిసిపోయింది. విందుల్లోంచి రాలేదు, బిరియానీల్లోంచి రాలేదు. పారెయ్యలేని తనంలోంచి వచ్చాయి.

మా అమ్మ కూడా అంతే. ఎనిమిదిమంది తిని లేచాక, గిన్నె అడుగున అంటుకున్నదాన్ని పెరుగు పోసి కలిపి తినేది. "అన్నం పరబ్రహ్మస్వరూపమే, పారేస్తే కళ్ళు పోతాయి" అనేది. పారెయ్యలేదు. ఒక్క మెతుకు కూడా పారెయ్యలేదు. కళ్ళు ఎందుకు పోయాయో మరి. షుగరు రావడానికి వంశం, వయసు, ఇంకా సవాలక్ష కారణాలు. గిన్నెలోని అన్నం మీద నేరం మోపడం న్యాయం కాదని నాకూ తెలుసు. అయినా ఆ పొద్దున గిన్నెలన్నీ గట్టు మీద వరసగా చూస్తుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. పనిమనిషి కంగారుపడి, "ఆకలైతుందా అమ్మా?" అంది.

ఆ సాయంత్రంనుంచి గ్లాసు రుచి మారింది. మామిడి వాసన రాలేదు కానీ, ఇంకేదో అర్థమయింది. ఆ గ్లాసు నా కోసం కొలిచి కలిపింది. ఎవరో వదిలేసింది కాదు. దానికో వేళ వుంది, దానికో కొలత వుంది. దాన్ని కూర్చుని తాగాలి. ఇరవై ఏళ్ళలో నా కోసమని వంటింట్లో తయారైన మొదటి పదార్థం అదీ! రెండువేలు పోసి కొన్నది పొడిని కాదేమో, ఆ కూర్చోవడాన్నేమో అనిపించింది.

పన్నెండు వారాలు తాగాను. నాలుగున్నర కిలోలు తగ్గాను. ఆరు కాదు. మూడు నెలల తరవాత మళ్ళీ అదే లాబ్‌కి వెళ్ళి చెయ్యి చాచాను, ఈసారి ఉచితం కాదు. 5.8 వచ్చింది. ఇంకా గడప మీదే వున్నాను. కానీ మొహం ఇంటి లోపలికి తిరిగింది.

నాలుగో డబ్బా కొనలేదు. డబ్బు ఒక కారణం, విసుగు ఇంకో కారణం. అసలు కారణం, ఓప్రా బండి. ఎప్పటికైనా పళ్ళెం దగ్గరికి రావాల్సిందే కదా, ఆ పళ్ళెం ఎలా వుండాలో తెలుసుకోకపోతే ఎలా? అమీర్‌పేటలో నాగోలు వైపు మెట్రో ఎక్కితే తార్నాక వస్తుంది. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో కూనూరులో, బెరిబెరి జబ్బు ఎందుకొస్తోందో కనుక్కోవడానికి చిన్న గదితో మొదలై, 1958లో మన హైదరాబాదు చేరింది. మరపట్టిన తెల్లబియ్యమే గతైనవాళ్ళకు వచ్చే జబ్బది. తిండి చాలనివాళ్ళ కోసం పుట్టిన సంస్థ, ఇవాళ నాబోటి ఎక్కువైనవాళ్ళకు కూడా దారి చెప్పాల్సివస్తోంది. 2024 మే నెలలో వాళ్ళు 17 సూత్రాలు ప్రకటించారు. ప్రొటీను పొడుల జోలికి పోవద్దన్నది వాటిలో వుంది. నా మొహం చిన్నబోయింది. రోజుకి 2,000 కేలరీల మనిషికి వాళ్ళు గీసిన పళ్ళెంలో కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, బియ్యం గోధుమలూ జొన్నల్లాంటివి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు. మన పళ్ళెం తలకిందులు చేస్తే సరిగ్గా ఇదే వస్తుంది. మనకు అన్నం కొండ, కూర గుడి. వాళ్ళు కూరను కొండ చెయ్యమంటున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి బియ్యం ఒక గిద్దె తగ్గించి పోస్తున్నాను. మొదట్లో మావారు, "ఎవరైనా వస్తేనో?" అన్నారు. ఇరవై ఏళ్ళుగా రాత్రి తొమ్మిదింటికి చెప్పకుండా వచ్చిన చుట్టాన్ని ఒక్కర్ని చూపించమన్నాను. అయినా మిగిలితే మర్నాడు పొద్దున ఎవరు తింటారో వంతులు వేశాం. సోమ, గురువారాలు మావారివి. ఆయన వంతు వచ్చిన రోజున వంకాయకూర ఆశ్చర్యంగా ముందురోజు రాత్రే అయిపోతోంది. మా అబ్బాయి కంచంలో వదిలినది వాడే పారేసి, వాడే కంచం తీస్తున్నాడు. రెండుసార్లు పారేశాక, మూడోసారి తక్కువ పెట్టించుకున్నాడు. ఇన్నేళ్ళూ నేను తినేసి వాడికా చదువు రాకుండా చేశానన్నమాట.

ఒక కిలో తిరిగొచ్చింది. దాచను. పండగలొచ్చాయి, పెళ్ళి ఒకటి వచ్చింది, కారప్పూస వచ్చింది. ఖాళీ డబ్బాలో ఇప్పుడు కందిపప్పు పోశాను. దాంతో వచ్చిన చెంచా మటుకు పనికొస్తోంది. నెయ్యి కొలవడానికి కాదు, అంత పెద్ద చెంచాతో నెయ్యి వేస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. బియ్యం తగ్గించేటప్పుడు దాంతోనే తీస్తున్నాను.

మొన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ మోగింది.

"భోజనం చేశావా అమ్మాయ్?"

"చేశానత్తయ్యా. అందరితోపాటే కూర్చుని చేశాను."

అవతల కాసేపు చప్పుడు లేదు. మళ్ళీ జ్వరమా అంటారేమో అనుకున్నాను. అనలేదు.

"నేనింకా చెయ్యలేదు" అన్నారు. "వీళ్ళందరిదీ అయింది. గిన్నెలు సర్దేసి తింటాను."

"గిన్నెలు తరవాత సర్దుకోవచ్చు. ముందు కంచం పెట్టుకుని కూర్చోండి. నేను ఫోన్ పెట్టెయ్యను" అన్నాను.

ఆవిడ నవ్వారు. కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.